రాహేలు పాలు తాగిన నా బిడ్డ

సాగర్ డ్యాము కట్టే రోజులవి. మా ఆయన అక్కడ రాళ్ల పనిలో మేస్త్రీ, కాపురం మాచర్లలో. మణి పుట్టిన నాలుగో నెలలో ఒకరోజు మిరపకాయలు దంచుతుంటే దగ్గొచ్చింది. ఘాటుకేలే అనుకున్నా. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటే ఎర్రగా అంటింది. కారమేలే అని దులిపా. దులిపితే పోలా.

అప్పటికే నెల నుంచి సాయంత్రమైతే జొరం. బాలింత గదా, మామూలే అన్నారు అందరూ. గుంటూరు తీసకపోతే ఎక్స్‌రే తీసి, కళ్లె పట్టి స్పుటమ్ టెస్ట్ చేశారు. "టీబీ అమ్మా. స్పుటమ్ పాజిటివ్. ఆస్పత్రిలో చేరాలి. చంటిబిడ్డను ఈరోజు నుంచే దూరం పెట్టాలి" అన్నారు డాక్టరుగారు. నాకు జబ్బు పేరు కన్నా ఆ చివరి మాటే గుచ్చుకుంది.

సామాన్లు తీసుకోవడానికి ఇంటికొచ్చేసరికి మా అత్త బిడ్డకి గేదెపాలు పడతంది. పడలా. మేం గుంటూరులో ఉన్న రెండ్రోజుల విరోచనాలకే బిడ్డ పుల్లయిపోయింది. అప్పుడొచ్చింది పక్కింటి రాహేలు, నా జతగత్తె. ఆమెకి ఆరు నెలల కొడుకు. "వాళ్ల పాలేందే మనకి?" అని గొణిగింది అత్త.

"మరి నీ గేదెదేం కులం అత్తా? ఇటియ్యి" అని రాహేలు బిడ్డని లాక్కుని రొమ్ముకి అదుముకుంది. నేను గడప అవతల నిలబడి చూస్తన్నా. మణి గుటకలేస్తుంటే బతికిందిరా దేవుడా అనుకున్నా. ఆ వెంటనే, నిజం చెప్తున్నా, కడుపు భగ్గున మండింది.

ఆస్పత్రిలో రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్. పూటపూటకి పి.ఎ.ఎస్. బిళ్లలు, మింగితే వాంతి. కళ్లు తిరిగేవి, చెవుల్లో హోరు. అవన్నీ ఓర్చుకున్నా. మా ఆయన వచ్చినప్పుడల్లా, "మణి ఒళ్లుజేసింది. రాహేలును చూస్తే మీదకి ఎగిరి దూకతంది" అని సంబరంగా చెప్పేవాడు. అది మాత్రం ఓర్చుకోలేకపోయా.

ఐదో నెలకి దగ్గు తగ్గింది. "తగ్గినట్టుంటుంది, తగ్గదు. ఇంకా ఏడాదిపైన వాడాలి" అన్నారు డాక్టరుగారు. విన్నానా? నా బిడ్డ ఇంకొకత్తెని అమ్మా అంటందని ఆయనకేం తెలుసు! మా ఆయనతో పోట్లాడి ఇంటికొచ్చేశా, మందులు మూలన పడేశా. మణిని ఎత్తుకోబోతే నా మొహం చూసి గుక్కపట్టి ఏడ్చి, రాహేలు మీదకి చేతులు చాపింది.

"ఏం మందు పెట్టావే నా బిడ్డకి?" అన్నా. అనగూడని మాట.

రాహేలు తలొంచుకుని, "పాలేనే కోటీ" అంది.

రెండు నెలలకి మళ్లీ రక్తం, ఈసారి చానా పడింది. "మందులెందుకు ఆపావమ్మా?" అన్నారు డాక్టరుగారు. కుళ్లుతో ఆపానని ఏ నోటితో చెప్పేది? మణికీ పరీక్షలు చేశారు. ఏం లేదని చెప్పిందాకా నేను చచ్చి బతికా.

ఈసారి ఏడాదిన్నర, ఒక్క పూట తప్పలా. స్పుటమ్ నెగెటివ్ అన్నాక ఇంటికొస్తే, మణి మా అత్త పక్కన కూచుని అన్నం తింటంది. రాహేలు మాత్రం జొరంతో పడుకునుంది. నేనొస్తున్నానని తెలిసి వారం ముందే వేపాకు నూరి రొమ్ములకి పూసుకుందంట. పిల్లలకి పాలు మాన్పించేది మా వైపు అట్నే. మణి చేదుకి మొహం తిప్పుకుంది, ఆమె కొడుకూ అదే దెబ్బకి మానేశాడు. పాలు గడ్డకట్టి ఆమెకి జొరమొచ్చింది.

"ఎందుకే ఈ పని?" అన్నా.

"నేను చేదైతేనే గదే అది నీ దగ్గరికొచ్చేది" అంది.

ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చా. "ఛీ లేవే, ముందు దానికి నీ చేత్తో అన్నం పెట్టుపో" అని తోలేసింది.

ఇప్పుడు మణి ఆరో క్లాసు. దెబ్బ తగిలితే ఇంకా ముందు "రాహేలమ్మా" అనే అరుస్తది, నేను తర్వాతే. నాకు చురుక్కుమంటది, దాచను. కానీ రాహేలు ఇచ్చిందానికి నేనేం ఇచ్చినా చాలదు.

టీబీ వచ్చినవాళ్లకి నేను చెప్పేదొకటే. ఒళ్లు తేలికైందని, ఇంటి మీద బెంగ పుట్టిందని, నాలాగా కడుపు మండిందని మందు ఆపబాకండి. డాక్టరు చాలన్నదాకా మింగండి. బిడ్డ ఇంకొకరిని అమ్మా అంటే అననియ్యండి. ముందు అది బతకాల, మీరూ బతకాల.