హనుమక్క ముందు అడిగే మాట

మా ఊరు కర్ణాటకలోని గూళూరుకు మూడు మైళ్ళు. మా ఆశా కార్యకర్త హనుమక్క మా ఊరినీ, పక్కనున్న రెండు పల్లెలనూ కాలినడకనే చుట్టేది. ఆమె చెప్పులు నడిచిన దూరమంతా కొలిస్తే కాశీకి పోయి, గంగలో మునిగి, వెనక్కొచ్చి బాగేపల్లి బస్టాండులో కాఫీ తాగొచ్చు. భుజాన గుడ్డసంచి. అందులో మాత్రలు, నుదుటికి గురిపెట్టే థర్మామీటరు, వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు.

కరోనా రెండోసారి వచ్చిన ఏడాది, జూన్ నెల. ఊళ్ళో భయం ఎంతగా ఉండేదంటే, కోళ్ళు సైతం ఆరడుగుల దూరంలో నిలబడి కూసేవి. నమ్మనివాళ్ళు కోళ్ళనే అడగవచ్చు. అయితే జనం భయపడింది జబ్బుకన్నా హనుమక్కకే. జ్వరమని తేలితే బాగేపల్లిలో హాస్టలును కోవిడ్ సెంటరు చేసినచోటికి తీసుకుపోతారు. పద్నాలుగు రోజులు ఇంటికి రానివ్వరు. అందుకే ఆమె వీధి మొదట్లో కనిపిస్తే చాలు, తలుపులు మూతపడేవి.

మా ఎదురింటి అక్కయమ్మ ఒంటరి మనిషి. భర్త పోయినప్పటి నుంచి మూడెకరాల చేను తనే చేసుకుంటోంది. ఆ వారం మంచి వాన పడింది. విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచి గంపలో సిద్ధంగా పెట్టుకుంది. మాది ఎర్రనేల, నాలుగు రోజుల్లో తడి ఆరిపోతుంది. ఆలోగా విత్తనం పడకపోతే ఆ ఏడు పంట లేనట్టే.

ఆ రోజు పొద్దున మా అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. అక్కయమ్మ దగ్గుతూ వాకిట్లోకొచ్చి, తడిగుడ్డ నుదుటికి అద్దుకుంది. హనుమక్క అడుగుల చప్పుడు వినగానే గుడ్డను గంప వెనక దాచింది. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

హనుమక్క థర్మామీటరు నుదుటికి చూపించింది.

"తొంభైమూడు! ఏమమ్మా, నువ్వు మనిషివా, బావిలో కప్పవా?"

"నా ఒళ్ళు చల్లనిదే తల్లీ. ఇంగ పో, పనుండాది."

"వేలియ్యి."

"వేలెందుకు? నాకు సంతకం వస్తాది."

హనుమక్క నవ్వుతూనే ఆమె వేలికి మీటరు తగిలించింది. ఆక్సిజన్ తొంభై ఒకటి. హనుమక్క నవ్వు ఆగిపోయింది. తొంభై నాలుగుకన్నా దిగితే ఆలస్యం చేయకూడదని ఆమెకు నేర్పారు.

"ఈ పొద్దే ఆస్పత్రికి పోవల్లమ్మా."

"నేను పోతే చేను ఎవరే ఇత్తేది? నువ్వా? మీ ఆరోగ్య ఇలాఖే ఆఫీసర్లా?" అక్కయమ్మ విత్తనాల గంపను దగ్గరికి లాక్కుంది. "చస్తే ఇత్తనం పడినాకే చస్తా."

ఇంకొకరైతే పోలీసుల పేరు ఎత్తేవాళ్ళు. హనుమక్క అంబులెన్సుకు ఫోను చేసింది. "వచ్చేదాకా బోర్లా పండుకో, ఊపిరి బాగాడతాది" అని అక్కయమ్మకు చెప్పి, నేరుగా రామాంజినప్ప ఇంటికి నడిచింది. ఏం మాట్లాడుతుందో వినాలని నేనూ వెనకే పోయాను.

రామాంజినప్పది అక్కయమ్మ పక్క చేను. విత్తే గొర్రూ, ఎద్దులూ ఉన్నది అతనికే. గట్టు తగాదాతో తొమ్మిదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

"ఆయమ్మ మొగం నేను చూడను" అన్నాడు.

"మొగం యాడ చూస్తావప్పా? ఆయమ్మ ఆస్పత్రిలో ఉంటాది. నువ్వు నేలను చూడు."

"నన్ను దొంగ అనింది. అందరి ముందర."

"అనింది. ఆ నోటికి ఇప్పుడు ఊపిరి అందల్యా."

రామాంజినప్ప ఎద్దులకు వేయబోయిన గడ్డి పక్కన పెట్టి, కాడి అందుకున్నాడు. తర్వాత అడిగాడు, "ఇత్తనాలు యాడుండాయి?"

అంబులెన్సు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అక్కయమ్మ ఎక్కనంది. "కండ్లతో చూసినాకే నమ్ముతా." హనుమక్క డ్రైవరును బతిమాలి బండిని చేల దారిన తిప్పించింది. తనూ అందులోనే కూర్చుంది. నా మోపెడ్ వెనకే పోయింది.

చేలో ఎద్దులు నడుస్తున్నాయి. రామాంజినప్ప తోలుతుంటే అతని భార్య హేమావతి గొర్రులోకి విత్తనం వదులుతోంది. అక్కయమ్మ కిటికీలోంచి కాసేపు చూసింది. మాస్కు కిందికి లాగి, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని అరిచింది.

"రామాంజినా! సాలు వంకర పోతాండాదప్పా!"

తొమ్మిదేళ్ళ తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది. అతను ఎద్దులను ఆపాడు.

"ముందు నువ్వు మాస్కు ఏసుకోమ్మా!"

పద్దెనిమిదో రోజు అక్కయమ్మ తిరిగొచ్చింది. ఇంటికి రాకుండా నేరుగా చేనికి పోయింది. మొలకలు నాలుగు వేళ్ళెత్తు లేచి ఉన్నాయి. గట్టు మీద కూర్చుని ఏడ్చింది. హనుమక్క వీపు నిమురుతూ పక్కనే కూర్చుంది.

జబ్బు ఉన్నవాళ్ళు వేరుగా ఉండాలన్న సర్కారు మాటలో తప్పు లేదు. కానీ హనుమక్కకు ఇచ్చిన ఫారంలో, ఆ మనిషి లేనప్పుడు ఆవుకు గడ్డి ఎవరు వేస్తారో రాయడానికి గడి లేదు. హనుమక్క పెన్నుతో ఆ గడి గీసుకుంది. ఏ గుమ్మం ముందు నిలబడినా ముందు అడిగేది, "నువ్వు లేకుంటే ఆగిపోయే పని ఏముండాది?" జ్వరం సంగతి ఆ తర్వాతే. అలా రాసుకున్న జాబితా చూసి పంచాయితీ అధికారి ఊరికి ఇద్దరు కూలీలను కేటాయించాడు. మిగతాది ఇరుగుపొరుగు పంచుకున్నారు.

ఒకనాడు ఆమె మా వీధిలోకి రాకముందే, ఎప్పుడూ తలుపేసుకునే గంగాధరప్ప వాకిట్లో మాస్కుతో నిలబడి చెయ్యెత్తి పిలిచాడు.

"హనుమక్కా! నాకు రాత్రి నుంచి దగ్గుండాది. ఆవు ఒకటి, దూడ ఒకటి. రాసుకో."