దుమ్ము లేని పగులు

నాకు ముక్కు మీద కోపం. మా నాయనకు అంతకు రెండింతలు. తిరుపతి దాటి ఉత్తరానికి ఎన్నడూ పోని మేమిద్దరం ఒక వేసవి సెలవుల్లో తమిళనాడులోని ధర్మపురి నుంచి హిమాలయాలకు బయలుదేరామంటే, దానికి మూలం వంటింట్లో జరిగిన ఒక చిన్న గొడవ.

నేను బడిలో సైన్సు చెబుతాను, తమిళంలో. ఇంట్లో మాత్రం తెలుగే. ఆ రోజు పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతూ ఒక బొమ్మ గురించి నాయనకు చెప్పాను. చలి కొండల్లో నీళ్ళు రాతి పగుళ్ళలోకి దిగుతాయి, గడ్డకట్టినప్పుడు ఉబ్బుతాయి, అలా ఏళ్ళ తరబడి ఉబ్బి ఉబ్బి పెద్ద బండను కూడా రెండుగా చీలుస్తాయి. ఇడ్లీ తింటున్న నాయన చెయ్యి ఆగింది.

"నీళ్ళు బండను పగలగొడతాయా? ఇదేనా మీ బడిలో పిల్లోళ్ళకు చెప్పేది?" అని పడీపడీ నవ్వాడు.

నవ్వే హక్కు ఆయనకుంది. కారిమంగళం పక్క క్వారీల్లో ముప్పై ఏళ్ళకు పైగా రాయి కొట్టిన మనిషి. బండ మీద కట్టెలు పేర్చి, నిప్పు పెట్టి పొర లేపేవాడు. ఉలితో వరసగా గుంతలు తొలిచి సమ్మెటతో చీల్చేవాడు. రాయిని తట్టి, ఆ మోత విని, లోపల పగులుందో లేదో చెప్పేవాడు. గట్టి రాయి గంటలా మోగుతుంది, పగులున్నది మొద్దుగా పలుకుతుంది. ఆ ముప్పై ఏళ్ళ దుమ్మూ ఇప్పుడు ఆయన ఊపిరితిత్తుల్లో ఉంది. ధర్మపురి డాక్టరు వీపు మీద వేళ్ళతో తట్టి చూస్తుంటే, "మోత ఎట్లుండాది సారూ?" అని అడిగాడు. డాక్టరు మందుల చీటీ రాయడం మొదలుపెట్టాడు. ఆ మోత ఎట్లుందో నాయనకు ముందే తెలుసు.

నవ్వాడే గానీ ఆ మాట ఆయన్ను వదల్లేదు. వారం తర్వాత, "ఆ రాయి నేను చూడాల" అన్నాడు, పక్క ఊరి సంతకు పోదామన్నంత తేలిగ్గా. ఎత్తు ప్రదేశాలు వద్దని డాక్టరు అన్నాడు. అమ్మ ఏడ్చింది. అయినా ఆయన పట్టు విడవకపోతే, చివరికి అమ్మ నా చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని ఒట్టు వేయించింది.

"ఆయనకు రొప్పు ఎక్కువైతే ఆడనే తిరిగి వచ్చేయాల. ఇంకొక అడుగు వేయకూడదు."

రైళ్ళు, బస్సులు మారి గంగోత్రి చేరాం. అక్కడి నేషనల్ పార్కు లోపల, ఒక రోజు నడిచి రాత్రి ఆగి, మర్నాడు ఇంకొంచెం నడిస్తే గంగ పుట్టే మంచునది వస్తుంది. గేటు దగ్గర మా సంచి వెతికిన గార్డుకు పాత గుడ్డలో చుట్టిన ఉలి దొరికింది. నాకు తల కొట్టేసినట్టయింది. నాకు తెలియకుండా తెచ్చుకున్నాడు! గార్డు హిందీలో ఏదో అడిగితే మా నాయన తెలుగులోనే జవాబిచ్చాడు: "తట్టి చూడకుండా రాయి సంగతి ఎట్ల తెలుస్తుంది సామీ?" పూజ కోసమని నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో అబద్ధం చెప్పి చూశాను. అతను నమ్మలేదు. ఉలిని సొరుగులో పెట్టి, తిరిగి వచ్చేటప్పుడు తీసుకోమని సైగ చేశాడు.

దారికి ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఎదురుగా తెల్లని శిఖరాలు. నేను నోరు తెరుచుకుని వాటినే చూస్తున్నాను. నాయన చూపు మాత్రం దారి పక్క రాళ్ళ మీదే. దేవదారు చెట్లు పలచబడేసరికి ఆయన ఇరవై అడుగులకు ఒకసారి ఆగుతున్నాడు. తర్వాత పది అడుగులకు. తర్వాత పెదవులు నీలంగా మారాయి.

"ఇంక చాలు నాయనా. వెనక్కి పోదాం."

"ఇంకెంత దూరం ఉండాది?"

"సగం కూడా రాలేదు. అమ్మకు ఒట్టు పెట్టినాను."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అన్నాడు, రొప్పుతూనే.

నేను అరిచాను. కొండల్లో నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది. కోపం కాదు అది, భయం. ఆ పాఠం ఆయనకు ఎందుకు చెప్పానా అని నన్ను నేను తిట్టుకున్నాను. ఆయన నాకు వీపు తిప్పి దారి పక్కన కూలబడ్డాడు. అలా కూర్చున్నప్పుడే దాన్ని చూశాడు.

వంపులో, ఎండ తగలని చోట, మా వంటింటంత బండ ఒకటి నిలువునా రెండుగా చీలి ఉంది. చీలిక అడుగున మురికి మంచు ఇంకా కరగలేదు. నాయన తనంతట తానే లేచాడు. వెనకనే వీపుకు చెయ్యి అడ్డం పెట్టి నేనూ వెళ్ళాను.

పగిలిన ముఖం మీద వేళ్ళతో రాసి చూశాడు. "ఉలి గాటు లేదు. మసి లేదు." నా చేతిలోని స్టీలు సీసా లాక్కుని, దాని అడుగుతో రాయిని తట్టి చెవి ఆనించాడు. మోగింది. రెండో సగాన్నీ తట్టాడు. అదీ మోగింది.

"రెండూ గట్టి రాళ్ళే. ఎంత నెమ్మదిగా తీసింటే ఇట్ల వస్తుంది!"

తోటి పనివాణ్ణి మెచ్చుకున్నట్టు అన్నాడు. నేనే ఆ బండను చీల్చినంత గర్వం వచ్చింది నాకు. "చూస్తివా, మా బడిలో చెప్పేది అబద్ధం కాదు గదా" అన్నాను. ఆయన వినలేదు. గొంతుకూర్చుని చీలిక కింద నేలంతా తడుముతున్నాడు.

"ఏం వెతుకుతా ఉండావు?"

"దుమ్ము. ఇంత బండ పగిలిండాది, చిటికెడు దుమ్ము లేదే."

అంతలో దగ్గు తెర వచ్చింది. వీపు రాస్తూ కూర్చున్నాను. అది తగ్గాక, మంచు వైపే చూస్తూ మెల్లగా అన్నాడు.

"ఇట్లాంటి విద్దె ఒకటి ఉండాదని మాకు ఎవరూ చెప్పలేదే, కన్నూ."

తర్వాత ఆయనే కిందికి తిరిగాడు. మంచునదిని మేం చూడనే లేదు. గేటు దగ్గర గార్డు గుర్తుపెట్టుకుని ఉలి తీసిచ్చాడు. నాయన చెయ్యి చాచలేదు. నేను తీసుకున్నాను.

ఈ ఏడాది మళ్ళీ ఆ పాఠం వచ్చింది. సుద్దముక్క పట్టుకుని, క్వారీకి పోయే నాన్నలున్న పిల్లలు చేతులెత్తండి అన్నాను. సగం క్లాసు చేతులెత్తింది. ఆ గంట నేను మంచు బొమ్మ గీయలేదు. దుమ్ము గురించి చెప్పాను.