మేడమ్ సంగటి అడిగిన రోజు

నా చిన్నప్పుడు మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి. ధర్మవరంలో మేమున్న వీధిలో మగ్గాల చప్పుడు పొద్దుటి నుంచి ఒకే తీరుగా వినిపిస్తూ ఉండేది. ఎండ ముదిరేసరికి అది బయటి నుంచి వస్తోందో, నా తలలోనే మోగుతోందో తెలిసేది కాదు. అప్పుడప్పుడు మబ్బులు వచ్చేవి. వాటి నీడలు ఎర్రనేల మీద మెల్లగా జరుగుతూ మా ఇళ్లు దాటి, కాలేజీ దాటి, చెనిక్కాయ చేల మీదుగా ఎటో పోయేవి. వాన మాత్రం పడేది కాదు.

మా అమ్మ ఆ కాలేజీ లైబ్రరీలో ఊడ్చి తుడిచే పని చేసేది. నేను నాలుగో తరగతి. మధ్యాహ్నం బడి వదలగానే అక్కడికి పోయి, అమ్మ పని అయ్యేదాకా ఒక బల్ల కింద పడుకునేదాన్ని. పాత కాగితాల వాసన, పైన ఫ్యాను గరగర. సగం నిద్రలో నేను కన్న కలలూ, నిజంగా జరిగినవీ ఇప్పటికీ కలగలిసిపోయే ఉన్నాయి. ఒక్క సంగతి మాత్రం అట్లా కలవలేదు. అది నిజంగా జరిగింది, అందులో తప్పు నాది.

లైబ్రరీ వెనక ఒక చిన్న గది ఉండేది. ఇబ్బందుల్లో ఉన్న కాలేజీ పిల్లల కోసం లైబ్రరీ మేడమ్ పెట్టించిన గది అది. పాత పాఠ్యపుస్తకాలు, సగం మిగిలిన నోటుబుక్కులు, ఇస్త్రీ చేసిన బట్టలు, సబ్బులు, తినడానికి ఒక డబ్బా నిండా బొరుగులు. ఎవరికేం కావాలో వాళ్లు తీసుకుపోవచ్చు. పేరు రాయనక్కర్లేదు, కారణం చెప్పనక్కర్లేదు. మేడమ్ తన కుర్చీని ఆ గదికి వీపు ఉండేట్టు వేసుకుని కూర్చునేది. ఎందుకో నాకు చాలా రోజులు తెలియలేదు.

మేడమ్ అంటే అందరికీ జంకు. గంజి పెట్టిన నూలు చీర, మందపాటి కళ్లద్దాలు. ఎవరింటికీ పోయేది కాదు. ఎవరేం పెట్టినా ముట్టేది కాదు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. వాళ్లు చేనేత వాళ్లు. వాళ్ల నాయనకు నడుము పట్టేసి మగ్గం మీద కూర్చోలేని పరిస్థితి వచ్చాక, అక్కే పొద్దున్నే లేచి నేసేది. ఎండెక్కాక కాలేజీకి నడిచిపోయేది. మా వీధిలో కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల ఆమె. నాకు జడ వేసేది, ఎక్కాలు చెప్పేది. ఆమె వెనక నడుస్తూ ఆమె నీడలో మాత్రమే అడుగులు పెట్టడం నాకొక ఆట.

ఒకరోజు బల్ల కింద నుంచి చూస్తే, వెనక గది తలుపు సందులో అక్క కనిపించింది. తెగిన చెప్పుకు పిన్ను పెట్టుకుని నడుస్తోందని నాకు తెలుసు. అక్కడ నీలం పట్టీల చెప్పులు ఒక జత ఉన్నాయి. వాటిని నేల మీద పెట్టి ఒక కాలు దూర్చింది, తీసేసింది, అటూ ఇటూ చూసింది, మళ్లీ దూర్చింది. చల్లని నీళ్లలో కాలు పెట్టినట్టు ఆమె ముఖం తేలికైంది. చూస్తున్న నాక్కూడా హాయిగా అనిపించింది.

మర్నాడు సాయంత్రం వీధిలో ఆడుకుంటూ తోటి పిల్లలకు ఆ సంగతి చెప్పేశాను. అక్క మీద కోపం ఏమీ లేదు. అందరికీ తెలియనిది నాకొక్కదానికే తెలుసని గొప్ప. అంతే.

రెండు రోజులు తిరక్కుండానే కొళాయి దగ్గర ఒకామె అక్కను చూసి నవ్వుతూ, "ఏం పాపా, లైబ్రరీ చెప్పులు బాగుండాయా కాళ్లకు?" అంది. అక్క బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి పోయింది. తెల్లారి చూస్తే ఆ చెప్పులు కడిగి మా గడప ముందు పెట్టి ఉన్నాయి.

అక్క కాలేజీ మానేసింది. మా రెండిళ్లకూ మధ్య గోడ పొట్టిది, అన్ని మాటలూ వినపడేవి. "నాకు సదువొద్దుమ్మా. మగ్గం ఉండాది, అదే చాలు" అని వాళ్లమ్మతో అంటుంటే విన్నాను. పరీక్షలకు నెల రోజులు కూడా లేవు.

చెప్పులు ఎందుకు తిరిగొచ్చాయో నా చేత చెప్పించుకుని, మా అమ్మ నా చెయ్యి పట్టుకుని మేడమ్ దగ్గరికి తీసుకుపోయింది. చెప్పులు పట్టుకుని నిలబడి అంతా చెప్పాను. దెబ్బలు పడతాయనుకున్నాను. మేడమ్ కళ్లద్దాలు సర్దుకుని, "నీ కండ్లు చూసినాయి, సరే. నోటికేం పని పాపా?" అంది. తర్వాత గొడుగు తీసుకుని, "పదా" అంది.

ఆ నడక నాకిప్పటికీ కలలాగే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం, మనిషి లేని వీధి, గాలికి లేచి మళ్లీ పడుకునే ఎర్రదుమ్ము. మేడమ్ పక్కన గొడుగు నీడలో నేను. చెప్పులు నా చేతిలోనే ఉన్నాయి.

మేడమ్‌ను చూసి అక్క వాళ్లమ్మ హడావుడిగా కుర్చీ కోసం వెతికింది. మేడమ్ మగ్గం పక్కన కింద కూర్చుంది. కాలేజీ మాట ఎత్తుతుందని నేను చూస్తున్నాను.

"ఆకలైతాంది. ఏమన్నా పెట్టమ్మా" అంది మేడమ్.

అక్క వాళ్లమ్మ వంటింటి వైపు చూసింది. "పొద్దుటి సంగటి ఉండాది మేడమ్. మీరు తినేటిది కాదు" అంది.

"ఉండేది పెట్టు."

రాగి సంగటి, నంజుకోవడానికి చెనిక్కాయలు నూరి చేసిన ఊరుబిండి. మేడమ్ తొందర లేకుండా తింది. అక్క మగ్గం అవతల గోడ వైపు తిరిగి నిలబడింది. సగం తిన్నాక మేడమ్ తలెత్తి, "ఇంకొంచెం బిండి ఎయ్యి పాపా" అని అక్కనే అడిగింది. అక్క వచ్చి వడ్డించింది.

చేతులు కడుక్కుని మేడమ్ అక్క ముఖంలోకి చూసింది. "అడిగి తింటి. రెండోతూరి కూడా అడిగితి. నేనేమన్నా తక్కువైపోయినానా నీ కండ్లకు?"

అక్క లేదన్నట్టు తలాడించింది. కళ్లనిండా నీళ్లు.

"మరి నువ్వెట్ల తక్కువైతావు?"

మేడమ్ లేచి గొడుగు తీసుకుంది. నేను చెప్పులు అక్క ముందు పెట్టి, "తప్పయిపాయ అక్కా" అన్నాను. అక్క నా వైపు చూడలేదు.

తిరిగి వస్తుంటే మేడమ్ తనలో తాను అనుకున్నట్టు, "నిజంగానే ఆకలయ్యింది లే" అంది. అప్పుడు ఆమె నవ్వడం మొదటిసారి చూశాను.

సోమవారం అక్క ఆ నీలం చెప్పులతో కాలేజీకి పోయింది. కొళాయి దగ్గర తలెత్తుకునే నిలబడింది. నాతో మాత్రం పరీక్షలు అయ్యేదాకా మాట్లాడలేదు. ఒక సాయంత్రం తానే పిలిచి, నా జడ విప్పి మళ్లీ అల్లింది. తర్వాత సోమందేపల్లెలో టీచరై, అక్కడే రిటైరైంది. ఇది రాయనా అని అడిగితే, "రాయి. కొళాయి కాడ మాట కూడా రాయి" అంది.

నేనూ చాలా ఏళ్లు కాలేజీలో పాఠాలు చెప్పాను. ఇప్పుడు ఉపకార వేతనాలున్నాయి, ఫోన్‌లో నింపే దరఖాస్తులున్నాయి, మనసు బాగాలేని పిల్లలు వచ్చి మాట్లాడుకోవడానికి ఒక గది ఉంది. రిటైరయ్యాక వారానికి రెండు రోజులు ఆ గదిలో కూర్చుంటున్నాను. అన్నీ ఉన్నా, గుమ్మం దాకా వచ్చి ఆగిపోయే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

మొన్న చిలమత్తూరు వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక పాప అట్లాగే నిలబడిపోయింది. "పాపా, నా ఫోన్‌లో అక్షరాలు కనపడ్డం లేదు. కొంచెం చదివి పెడతావా?" అని అడిగాను. నిజంగానే కనపడవు. లోపలికొచ్చి కూర్చుని చదివింది. ఇంకోసారి అడిగితే ఇంకోసారి చదివింది. ఫోన్ నా చేతికిచ్చి, కొంచెంసేపు తన గోళ్లు చూసుకుని, "మేడమ్, నేనూ ఒకటి అడగల్ల" అంది.

ఏమడిగిందో మా ఇంట్లో కూడా చెప్పలేదు. ఇక్కడా రాయను.