హమారా అంటే ఎవరిది

రబియా టీచరుకు కోపమొస్తే ఉర్దూలో తిడుతుందని మెదక్ ఆడపిల్లల బడిలో ఒక మాట ఉంది. అది ఉత్తదే. ఆమె ఉర్దూలో తిట్టేది బడి ల్యాబులోని మిషన్‌ను మాత్రమే. పిల్లల మీద కోపమొస్తే అసలు మాట్లాడదు, ముక్కు ఎర్రగా చేసుకుని కిటికీలోంచి బయటికి చూస్తుంది. ఆ చూపు కన్నా నాలుగు తిట్లే నయమని పిల్లలు వాపోతారు.

వాళ్ల నాన్న గులాం రసూల్ పాత బస్టాండు దగ్గర రబ్బరు స్టాంపులు చేసేవాడు, ఇళ్లకు పేర్ల పలకలు చెక్కేవాడు. స్టాంపు మీద అక్షరం అద్దంలో చూసినట్టు అటుదిటుగా ఉంటుంది కదా, రబియా అక్షరాలను ముందు అట్లా, తర్వాత తిన్నగా నేర్చుకుంది. కంప్యూటర్లొచ్చి ఆ దుకాణం డీలా పడ్డాక, ఆమె డిగ్రీ చదివి, చేసే పని ఏదైనా చేతులతోనే చేయాలని పట్టుబట్టి కూర్చుంది. సరిగ్గా అప్పుడే హైదరాబాదు సంస్థ ఒకటి బళ్లలో పిల్లలకు వ్యాపారం నేర్పుతామంటూ వచ్చింది. కంప్యూటరులో బొమ్మ గీస్తే, ప్లాస్టిక్ తీగను కరిగించి, పొర మీద పొర పోసి, ఆ బొమ్మను వస్తువుగా తీసే మిషన్ ఒకటి ఇచ్చింది. దాన్ని నడిపే కొలువు రబియాకు దొరికింది. పిల్లలు ఆ మిషన్ పోసే తీరు చూసి దానికి ‘జిలేబీ మిషన్’ అని పేరు పెట్టారు.

ఆమె పద్ధతే వేరు. మొదటి నెలంతా మిషన్ మీద గుడ్డ కప్పే ఉంచింది.

“ముందుగాల బజార్లకు పోయి అడుగుండ్రి. ఎవలకు ఏం తక్కువైందో తెల్సినంకనే మిషన్ ముట్టుకోవాలె” అనేది. పిల్లలు మూతులు ముడుచుకుని కూరగాయల మార్కెట్టుకు, బస్టాండుకు పోయి అడిగొచ్చారు. సలోమి మాత్రం ఎక్కడికీ పోలేదు.

సలోమి తొమ్మిదో తరగతి. తండ్రి జకరయ్య చర్చిలో పనిచేస్తాడు. క్రిస్మస్ నాడు చర్చి ఆవరణలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ రోజంతా తప్పిపోయిన పిల్లల గుర్తులు మైకులో చదవడమే ఆయన పని.

“నాకు ఎరుకే టీచర్, ఏం తక్కువైందో” అంది సలోమి. “పిల్లగాండ్లను మీ నాయిన పేరేందిరా అంటే ‘డాడీ’ అంటరు. ఫోన్ నంబరు అడిగితే ఏడుస్తరు. చేతికి ఒక బిళ్ల కట్టి, దాని మీద నంబరు పోస్తే?”

బిళ్ల తయారైంది. సలోమి గీసింది, పక్క బెంచీ నౌషీన్ నున్నగా గీకింది. క్రిస్మస్‌కు చర్చి దగ్గర కొందరు పిల్లలకు కట్టి చూశారు. ఒక తల్లి, అంచు గీసుకుపోతోందని విప్పేసింది. ఇంకో తల్లి, “నా ఫోన్ నంబరు లోకానికంతా చూపియ్యాల్నా?” అని మండిపడింది. సలోమి వారం రోజులు తిండి సహించనట్టు తిరిగి, చివరికి నంబరును మణికట్టు వైపు లోపలికి తిప్పింది. పైన మాత్రం ‘నన్ను తిప్పి చూడండి’ అని పోసింది. ఆ రోజు రబియా ఆ పిల్లను దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దుపెట్టుకుంది.

“శివరాత్రికి ఏడుపాయల జాతరల మన స్టాలు పెడ్దాం. బోర్డు మీద మీ ఇద్దరి పేర్లే ఉంటయి. ఇది నా మాట” అంది.

సలోమికి కావలసింది అదే. ఆ బోర్డు కింద తను నిలబడాలి, తండ్రి వచ్చి చూడాలి. పదో తరగతి అయ్యాక కుట్టుమిషన్ నేర్చుకోమని ఆయన పోరు. జాతర అయ్యాక పాలిటెక్నిక్ సంగతి అడుగుదామని ఆ పిల్ల ఆశ.

ఇక జుల్ఫికర్ సంగతి. ఆ సంస్థ తరఫున బళ్లు చూసుకునే మనిషి, నెలకోసారి తూప్రాన్ మీదుగా కారులో దిగేవాడు. రబియాను ‘బాజీ’ అని అక్కను పిలిచినట్టు పిలిచేవాడు. గులాం రసూల్ పక్కన కూర్చుని పాత స్టాంపులు చేతిలోకి తీసుకుని తెగ మెచ్చుకునేవాడు. ముసలాయన పొంగిపోయి భోజనం చేయకుండా కదలనిచ్చేవాడు కాదు. ల్యాబులో కూడా ఇద్దరూ ఉర్దూలోనే మాట్లాడుకునేవారు. “హమారా ల్యాబ్, హమారా బిళ్ల” అని ఆయన నోట వినడం రబియాకు కమ్మగా ఉండేది.

జాతర దగ్గరపడింది. హైదరాబాదులో పెద్ద మిషన్ల మీద ఎక్కువ బిళ్లలు పోయించి తెస్తానని, ఫైలు ఇమ్మని జుల్ఫికర్ అడిగాడు.

సలోమి పెన్‌డ్రైవ్‌ను పిడికిట్లో పట్టుకుని, “ఇయ్యాల్నా టీచర్?” అంది.

“మన సారే గదనే” అంది రబియా. పిడికిలి విప్పించి తనే తీసిచ్చింది.

శివరాత్రికి ముందు ఊళ్లోనే ఉన్న ఫంక్షన్ హాల్లో కార్యక్రమం, పిల్లలను తీసుకురమ్మని కబురొచ్చింది. స్టేజీ ఎక్కిస్తారనుకున్నారు. సలోమి ఉతికిన యూనిఫాం వేసుకుని, మాట్లాడవలసిన నాలుగు ముక్కలు దారి పొడవునా గొణుక్కుంది. నౌషీన్ బిళ్లల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

స్టేజీ మీద తెర వెలిగింది. తెర నిండా అదే బిళ్ల, ‘నన్ను తిప్పి చూడండి’ అనే అదే మాట. కింద ఎవరిదో కొత్త కంపెనీ పేరు. జుల్ఫికర్ మైకు అందుకుని తెలుగులో మొదలుపెట్టాడు.

“ఇది మా ప్రాడక్ట్. మా టీం కష్టపడి తయారు చేసింది. ఏడుపాయలల ఈసారి మేమే పంచుతున్నం. టెస్టింగ్‌ల మెదక్ బడి పిల్లలు మాకు మస్తు సాయం చేసిండ్రు. వాళ్లకు చప్పట్లు కొట్టుండ్రి.”

హాలంతా చప్పట్లు. రబియా మాత్రం ‘మా’ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. చిన్నప్పుడు రెండో తరగతిలో ఆమె పంతులమ్మతో ‘మన అమ్మకు జరం’ అంటే తరగతంతా పడీపడీ నవ్వింది. ఇంట్లో మాట్లాడే ఉర్దూలో మన, మా రెంటికీ హమారానే. ఎదుటి మనిషిని కలుపుకుంటే మన, బయట నిలబెడితే మా అని ఆ రోజు ఏడ్చి నేర్చుకుంది. అంత నేర్చుకుని ఏం లాభం? జుల్ఫికర్ హమారా అన్న ప్రతిసారీ తనే మన అని అర్థం చేసుకుంది. తెలుగులో మాట్లాడవలసి వచ్చేసరికి, ఆయన మనసులో ఉన్నదేదో బయటపడింది.

మెట్ల దగ్గర ఆయన్ను పట్టుకుని, హమారా అన్నది ఏమైందని రబియా అడిగింది. “జుల్ఫికర్ భాయ్, ఏ తో హమారా థా.”

“హమారా హీ తో హై, బాజీ” అన్నాడు, ఇప్పుడూ హమారానే కదా అన్నట్టు నవ్వుతూ. ఆ తర్వాత గొంతు తగ్గించి, మిషన్ సంస్థదని, ఆమె జీతం సంస్థదని, అందులో పుట్టినవన్నీ సంస్థవేనని చెప్పి కారెక్కాడు. కారు తలుపు వేసుకున్నది తమ ఇంట్లో తిన్న చెయ్యే. నమ్మించి గొంతు కోశాడని అరవాలనిపించింది ఆమెకు. పిల్లలు చూస్తున్నారని నోరు నొక్కుకుంది.

ఆటోలో నౌషీన్ ఏడుస్తూనే ఉంది. సలోమికి కంట్లో చుక్క లేదు.

“ఆ సార్ గిన్ని దినాలు మీతోటి ఉర్దూల ఏం చెప్పెటోడు?” అని నౌషీన్‌ను అడిగింది.

“హమారా అనెటోడే, ఒట్టు. మనది అన్నట్టు.”

“మనదనా, మాదనా?”

నౌషీన్ ముక్కు తుడుచుకుని టీచరు వైపు చూసింది. అప్పుడు సలోమి రబియా వైపు తిరిగింది.

“మీకు ముందే ఎరుకనా టీచర్? నా ముంగటనే మాట్లాడుకునెటోళ్లు గదా మీరిద్దరు. నాకైతే ఒక్క ముక్క తెల్వకపోవు.”

జుల్ఫికర్ కొట్టిన దెబ్బ ఒకెత్తు, ఇది ఒకెత్తు. “నా మీద ఒట్టు బిడ్డా, నాక్కూడ తెల్వదు” అంది రబియా. నిజమే చెప్పింది. కానీ ఆ నిజం ఆమె చెవికే తప్పించుకునే మాటలా వినిపించింది.

రబియా హెడ్మాస్టరు దగ్గరికి పోతే, మిషన్ వాళ్లదైనప్పుడు మనమేం అంటామమ్మా అని చేతులెత్తేశాడు. జాతరకు స్టాలు పెట్టలేదు. కొలువు మానేద్దామనుకుంది, మానలేదు. మానేస్తే దోషి తనేనని ఆ పిల్ల ఖాయం చేసుకుంటుందని భయపడింది.

సలోమి మళ్లీ ల్యాబుకు వస్తుందని ఎవరూ అనుకోలేదు. జాతర ముగిసిన వారం వచ్చింది. తిన్నగా పోయి కంప్యూటరు ముందు కూర్చుని ఏదో కొత్త వస్తువు గీయడం మొదలుపెట్టింది. రబియా ప్రాణం లేచొచ్చింది. గబగబా వెనక్కి వెళ్లి నిలబడింది.

“ఏం చేస్తున్నవే? చూపియ్యి, చూస్త.”

సలోమి తెరను చటుక్కున మూసింది. మళ్లీ తెరవాలంటే ఇప్పుడు పాస్‌వర్డ్ కొట్టాలి.

“చూపిస్త టీచర్” అంది, చాలా మర్యాదగా. “మీరు జర అటు తిరుగుండ్రి.”

రబియా గోడ వైపు తిరిగి నిలబడింది. వెనక మీటల చప్పుడు చాలాసేపు వినిపించింది. పిల్ల పొడుగాటి పాస్‌వర్డే పెట్టుకుంది.