దాచుకున్న బ్యాటరీ కార్డులు

పదేళ్ల మా అమ్మాయికి రోబోల పిచ్చి. నిజం రోబోలు కాదు, ప్యాకెట్లలో అమ్మే అట్టముక్కల రోబోలు. ఒక్కో కార్డు మీద ఒక రోబో, దాని బలం, దాని పొగరు. అది కొట్టాలంటే మనం బ్యాటరీ కార్డు పెట్టాలి. ఒక బ్యాటరీకి ఒక దెబ్బ. ఇవికాక మాయ కార్డులు వేరే. ఒకటి విరిగిన చెయ్యి అతికిస్తుంది, ఇంకొకటి ఎదుటివాళ్ల రోబోను ఒక టర్నంతా ఆపేస్తుంది. నేను కొత్తగూడెంలో ఇరవై రెండేళ్లుగా బొగ్గుగని దిగి ఎక్కుతున్నవాణ్ణి. విరిగినది అతకడానికి దవాఖానా చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో తెలుసు కనుక ఆ కార్డుకు అక్కడే దండం పెట్టాను.

ఈ వయసులో నాకు ఈ ఆట ఎందుకంటే, మా క్వార్టర్ల పిల్లలు ఒక ఆదివారం జోడీల పోటీ పెట్టుకున్నారు. ఒక పిల్ల, ఒక పెద్దమనిషి. "నువ్వే నా జోడీ నాన్నా" అంది. సరేనన్నాను. సరేననడంలో నాకు మంచి అనుభవముంది.

పోటీకి ముందు ఇంట్లో పిల్లతో ఆడి నేర్చుకున్నాను. ఆట మాత్రం నా పద్ధతిలోనే ఆడాను. బ్యాటరీ కార్డు వస్తే చాలు, దాచేవాణ్ణి. గనిలో మేమంతా అంతే. లీవులు వాడం. జ్వరమొచ్చినా మస్టర్లో హాజరు పోనివ్వం. ఆదివారం డ్యూటీకి డబుల్ జీతమని ఒకరినొకరు తోసుకుంటూ పేర్లు రాయించుకుంటాం. తీరిక అంటారా, రిటైరై నడుం పట్టేసి మంచమెక్కాక బోలెడు. నా రోబో కూడా దెబ్బ మీద దెబ్బ తిని పడిపోయేది, నా చేతిలో బ్యాటరీలు నిండుగా ఉండేవి.

"గన్ని బ్యాటరీలు పెట్టుకొని ఎందుకు ఓడిపోయినవ్ నాన్నా?"

"రేపటికి ఉంటయని బిడ్డా."

"ఆట అయిపోయింది గద. రేపెక్కడిది?"

పిల్లలకు లోకజ్ఞానం ఉండదని ఊరుకున్నాను.

పోటీ జరిగే వారమే ఆదివారం డ్యూటీ లిస్టు వచ్చింది. అలవాటు కొద్దీ చెయ్యి నా పేరు రాసేసింది. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. ఆ శ్రమ నాకు లేకుండా పక్క క్వార్టరువాళ్లు చెప్పేశారు. పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది, ఏదో ఒకటి కొనిపెట్టి తప్పించుకునేవాణ్ణి.

శుక్రవారం గని దిగేముందు బీడీలు, అగ్గిపెట్టెలు వెతికే గార్డు నా జేబులోంచి ఒక కార్డు లాగాడు.

"ఏందన్నా గిది?"

నేనూ అప్పుడే చూశాను. ఆపే కార్డు. "ఈ రోబో ఒక టర్న్ కదలరాదు" అని రాసి ఉంది.

"మా బిడ్డ పెట్టినట్టుంది."

"మంచిగనే చెప్పింది. ఇంటికి పో ఇగ" అని నవ్వి, మళ్లీ జేబులో పెట్టాడు.

ఆ షిఫ్టంతా చెయ్యి జేబు మీదకే పోయింది. సిగ్గేసింది. పైకి రాగానే లిస్టులో నా పేరు కొట్టేయించాను. నిమిషంలో ఇంకొకాయన పేరెక్కింది. నేను లేకపోతే బొగ్గు పైకి రాదన్న భ్రమ కూడా ఆ నిమిషంలోనే తీరింది. ఈ సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు. ఆదివారం పొద్దున చెప్పి పిల్ల ముఖం చూడాలని దాచుకున్నాను.

ఆదివారం తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఆ కార్డును దాని జేబులోకి మార్చుకుని, నా త్యాగాన్ని ప్రకటించాను.

"డ్యూటీకి పోతలేను. పా బిడ్డా, ఆడదాం."

పిల్ల వాళ్లమ్మ వైపు చూసింది. "నిన్న పొద్దుగూకంగనే పేర్లు ఇచ్చినం నాన్నా. అమ్మ పేరు రాయించిన. నువ్వేం చెప్పకపోతివి."

మా ఆవిడ అప్పటికే కార్డులు కలుపుతోంది. ఈ ఆట ఎప్పుడు నేర్చిందో నాకు తెలియదు. నేను డ్యూటీలో ఉన్నప్పుడే అయ్యుంటుంది.

పోటీ దగ్గర నేను గోడకు ఆనుకుని చూశాను. మా ఆవిడ వచ్చిన బ్యాటరీ వచ్చినట్టే పెట్టి కొట్టింది. మొదటి ఆట గెలిచారు, రెండోది చివరిదాకా లాగి ఓడారు. ఇద్దరి చేతుల్లో ఒక్క బ్యాటరీ మిగల్లేదు. ఇద్దరూ నవ్వుతున్నారు.

"ఆపే కార్డొక్కటి ఉంటే గెలుస్తుంటిమి అమ్మా" అంది పిల్ల.

అది నా జేబులోనే ఉంది.