పెంచలన్న ఏరిన మీటలు

ముందే చెప్పేస్తున్నాను, నాకు గోరంతని కొండంత చేసే జబ్బుంది. మా ఊరు కోటలో చెరువుల్లోని రొయ్య నా నోట పడిందంటే మొసలై బయటికొస్తుంది. కనుక ఇందులో ప్రతి సంగతినీ సగానికి కోసుకుని చదువుకోండి.

ఈ ఉదయం కొరియర్ పెట్టె విప్పగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. లోపల మిడీ ఫుట్ కంట్రోలర్. అంటే గిటారు శబ్దాన్ని మార్చే యంత్రానికి కాలితో హుకుం జారీచేసే పలక. ఒక మీట తొక్కితే గిటారు గుసగుసలాడుతుంది, ఇంకోటి తొక్కితే గర్జిస్తుంది. పాతదాన్ని ఉప్పుగాలి తినేసింది. కొత్తదాన్ని నేలమీద పెట్టి చెప్పులు విప్పాను.

"దానికి దండం పెడతారా ఏంది?" అంది మా ఆవిడ.

దానికి కాదు, పెంచలన్నకి.

పెంచలన్న మా ఆర్కెస్ట్రా యజమాని, కీబోర్డు వాయించేవాడు. వెంకటాచలం నుంచి దొరవారిసత్రం దాకా పెళ్లిళ్లూ జాతరలూ మావే. ఆయన కనుబొమలు ఒక్కోటీ గండుచీమల బారంత. బృందాన్ని వాటితోనే నడిపేవాడు. ఎడమది లేస్తే పల్లవి, కుడిది లేస్తే చరణం, రెండూ లేస్తే ఎవడో తప్పు వాయించినట్టు. గిటారు వాయించడానికి నేను చేరాక ఆ రెండూ కిందికి దిగిన పాపాన పోలేదు. నన్ను కనిపెట్టుకుని ఉండటానికే కీబోర్డును జనం వైపు కాకుండా నా వైపు తిప్పి పెట్టుకునేవాడు.

ఆ తప్పుల పీడ వదలాలని చెన్నై వెళ్లి కొట్లో ఉన్న అతిపెద్ద కంట్రోలర్ కొన్నాను. విమానం నడపడానికి కూడా అన్ని మీటలు ఉండవు. బూట్లేసుకుని తొక్కి చూశాను, అద్భుతం. మొదటి కార్యక్రమం సముద్రపు ఒడ్డున గంగమ్మ జాతర. అమ్మవారి ఎదుట చెప్పుల కాళ్లతో వేదిక ఎక్కేది లేదని మాకు ఉగ్గుపాలతోనే తెలుసు. కొట్లో మాత్రం ఆ సంగతి గుర్తొస్తే ఒట్టు! వట్టి కాలితో తొక్కితే బొటనవేలు ఒక మీట మీదా, పక్కవేలు ఇంకో మీట మీదా పడ్డాయి. జోలపాట మధ్యలో గిటారు గర్జించింది. వేటకెళ్లిన పడవలు తుఫాననుకుని వెనక్కి తిరిగాయి. పెంచలన్న కనుబొమలు జుట్టులో కలిసిపోయాయి.

మర్నాడు తన వరండాలో కూర్చోబెట్టి అన్నాడు: "వచ్చే జాతర దాకా చూస్తా అబ్బయా. అప్పుడూ ఇట్టే అయితే గూడూరు నుంచి ఇంకో గిటారాయన్ని పిలిపిస్తా."

"పెద్దదే కొన్నా గదన్నా! దాంట్లో లేని మీట లేదు."

"మీటలు దానికుండాయి. నీకుండేది రెండు కాళ్లే గదరా!"

గుప్పెడు సోడా మూతలు తెచ్చి నేలమీద వరసగా పరిచాడు. "చెప్పులిప్పు. గిటారు తగిలించుకో. నా మొహం చూస్తా తొక్కు. కిందికి చూసినావో, నా చేతిలో సోడా నీ నెత్తిన పోస్తా."

కనుబొమ లేచినప్పుడల్లా తొక్కాను. నా కాలికి దొరకని మూతను తీసేశాడు, ఇరుకైనవాటిని ఎడంగా జరిపాడు. సాయంత్రానికి నా అరికాళ్లు జల్లెడలయ్యాయి, నేలమీద నాలుగే మూతలు మిగిలాయి.

"ఇవి నీయి. ఇంత ఎడంగా, ఇన్నే మీటలుండేది తెచ్చుకో. ఎంత చిన్నదైనా నామోషీ పడబాక."

ఆ మూతలనూ, వాటి ఎడం కొలిచిన తాడునూ జేబురుమాల్లో కట్టుకుని మళ్లీ చెన్నై వెళ్లాను. కొట్లో బూట్లు విప్పి, ఒక్కో కంట్రోలర్ పక్కన మూతలు పేర్చి చూస్తుంటే, పూజ చేస్తున్నాననుకుని ఒకాయన లెంపలేసుకున్నాడు. పెద్దదాన్ని ఇచ్చేసి, వెడల్పు మీటలున్న బుల్లిదాన్ని తెచ్చుకున్నాను.

తర్వాతి జాతరలో నా చూపు పెంచలన్న కనుబొమల మీంచి కదల్లేదు. కాలు తన దారి తనే వెతుక్కుంది. జోలపాట జోలపాటలాగే సాగింది. అయిపోయాక ఆయన నా భుజం తట్టి, "నీ కాళ్లకి చెవులొచ్చినాయిరా అబ్బయా" అన్నాడు. నా కళ్లలో స్వర్ణముఖి ఏరు పొంగింది.

పెంచలన్న ఇప్పుడు లేడు. ఈ ఉదయం కూడా పాత మూతలు పక్కన పేర్చి చూసుకున్నాకే కొత్త మీటల మీద కాలు పెట్టాను.

ఇక కల్పించిందేదో ఒప్పుకోవాలి. పడవల సంగతి మీకెలాగూ తెలుసు. కానీ అసలు కల్పన ఆ మెచ్చుకోలు. పెంచలన్న జన్మలో ఎవర్నీ మెచ్చుకోలేదు. ఆ సాయంత్రం జోలపాట అయ్యాక ఆయన చేసింది ఒక్కటే. కీబోర్డును ఎత్తి, జనం వైపు తిప్పి పెట్టుకున్నాడు. చెమటకి తడిసిన ఆయన వీపును వేదిక మీద నేను చూడటం అదే మొదలు. మళ్లీ ఏనాడూ నా వైపు తిప్పలేదు.

ఆ వీపును మాత్రం నేను గోరంత కూడా పెంచలేదు.