థార్న్‌టన్ వారి సంబంధం

మా అమ్మాయి స్నేహ పెళ్ళి ఇంటిపేరు దగ్గర ఆగిపోవడంతో నేను కాకినాడ నుంచి రాజోలు బయల్దేరవలసి వచ్చింది. మాది థార్న్‌టన్ అనే దొరల పేరు. స్నేహ ఇష్టపడ్డ సుధీర్ ఇంటిపేరూ అదే. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళ వరస. మా తాతల నాడే మతం మారాం గానీ ఈ పట్టింపు మాత్రం చెక్కుచెదరలేదు. సంగతి తెలిసి మా అక్క అన్నం మానేసింది. రాజోలులో ఉండే సుధీర్ తాతగారు శామ్యూల్ మాస్టారేమో, మన రెండు కుటుంబాలూ ఒకటో కాదో తేలాకే మిగతా మాటలన్నారు. మా తాత చిన్నప్పుడు మిషన్ బోర్డింగులో చదివాడని తప్ప నాకేమీ తెలియదు.

పొద్దున్న ఆరున్నరకి బస్సెక్కాను. యానాం దాటి వంతెన మీదికి వచ్చేసరికి గోదావరి నిండుగా ఉంది. నేను మాత్రం ఫోన్లోంచి తల ఎత్తలేదు. థార్న్‌టన్ అంటే ముళ్ళచెట్ల ఊరట. ఇంగ్లండులో ఆ పేరుతో ఊళ్ళు చాలా ఉన్నాయట. అక్కణ్ణుంచి వలస వెళ్ళినవాళ్ళకి ఊరిపేరే ఇంటిపేరయింది, మన ముళ్ళపూడి వారికి మల్లే. దొరలదీ మన పద్ధతేనని కాసేపు ముచ్చటపడ్డాను. అంతలోనే, అక్కడి పేరు వచ్చి ఇక్కడ మా రెండు ఇళ్ళకే ఎందుకు తగులుకోవాలన్న అనుమానం పుట్టింది.

అమలాపురంలో దిగి పెసరట్టు తెప్పించుకుని సగం వదిలేశాను. రాజోలు బస్సులకి పెద్దగా ఆగక్కర్లేదు. పొద్దుటిపూట వెళ్ళేవాళ్ళు కుడివైపు కూర్చుంటే ఎండ తగలదు. అంబాజీపేటలో కొబ్బరికాయల లారీ అడ్డం తిరిగి బస్సు ఆగిపోయింది. పక్క సీటావిడ సంచీ సర్దుకుంటూ, "ఎవరి తాలూకండీ?" అంది.

"థార్న్‌టన్ వాళ్ళమండీ."

"ఆయ్! రాజోలు మాస్టారి తమ్ముడి గారబ్బాయాండీ? చూడగానే అనుకున్నానండీ. అచ్చం అదే ముక్కు!"

తాటిపాక దాటేదాకా ముక్కు తడుముకుంటూనే కూర్చున్నాను.

రాజోలు బస్టాండు నుంచి ఆటోలో మాస్టారింటికి చేరేసరికి పదకొండు దాటింది. మాస్టారికి ఎనభై ఏళ్ళుంటాయి. నేను ముందు చూసింది ఆయన ముక్కే. నా ముక్కులా ఉందో లేదో తేల్చుకోలేకపోయాను.

"ముందు దాహం పుచ్చుకోండి," అంటూ బొండం చేతికిచ్చారు. నేను తాగుతుండగా తనే మొదలుపెట్టారు. "బోర్డింగులో ఒక్కో మంచానికి ఇంగ్లండులో ఒక్కో ఊరి చర్చి సంఘం వారు డబ్బు పంపేవారండీ. ఆ ఊరి పేరు మంచం తలాపున రాసుండేది. ఏ మంచం కుర్రాణ్ణి ఆ పేరుతో పిలిచేవారు. మీ తాతగారు చదువై వెళ్ళిపోయేక ఆ మంచం మా నాన్నకి ఇచ్చేరు. దాంతోపాటు పేరూ వచ్చింది."

"అంటే మనం ఒక కుటుంబం కాదా మాస్టారూ?"

"కాదండీ. మీ వాళ్ళది ముమ్మిడివరం వైపు, మావాళ్ళది అంతర్వేది వైపు."

గుండెల మీంచి బరువు దిగింది. దిగిన చోట ఏదో వెలితిగా కూడా అనిపించింది. ఆ ముళ్ళచెట్ల ఊరు మేమెవరమూ చూడలేదు, అక్కడి వాళ్ళు మమ్మల్ని చూడలేదు. తల్లికి దూరంగా పడుకున్న ఇద్దరు పిల్లలకి ఆ పేరొక్కటే మిగిలింది.

మాస్టారు మాత్రం తేలికపడలేదు. "ఒక చిక్కుందండీ. మా నాన్న కొత్తలో నేలమీద పడుకుని ఏడుస్తుంటే మీ తాతగారు తన మంచం మీదికి ఎక్కించుకున్నారట. ఏడాదిపాటు ఇద్దరిదీ ఒకే దుప్పటి. అలా పెరిగినవాళ్ళు అన్నదమ్ములు కారా అని నా బెంగ."

అంతదూరం వచ్చి, రక్తం కాదని తేలాక, ఒక దుప్పటి దగ్గర పిల్ల పెళ్ళి చెడుతుందా? "మీ నాన్నగారు మా తాతని ఏమని పిలిచేవారండీ?" అన్నాను. 'అన్నా' అని పిలిచి ఉంటే అయిపోయినట్టే.

ఆయన కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి తడిగా ఉన్నాయి.

"పోయేముందు జ్వరంలో కూడా ఆయన్నే కలవరించేరండీ. 'జరుగు బావా, కాస్త చోటియ్యి' అని."

బావా అన్న మాట ఇద్దరం ఒక్కసారే విన్నట్టు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మాస్టారు నా చెయ్యి పట్టుకుని, "మరి నువ్వు నాకు అల్లుడివి కదయ్యా, భోంచేసి వెళ్ళు," అన్నారు. చేపల పులుసుతో కడుపునిండా తిన్నాను.

సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంది. చుట్టాలు కాకూడదని దారిపొడుగునా ప్రార్థించుకుంటూ వెళ్ళినవాణ్ణి, చుట్టరికం దొరికినందుకు కళ్ళు తుడుచుకుంటూ తిరిగొస్తున్నాను. పి.గన్నవరం దాటుతుండగా స్నేహ ఫోన్ చేసింది.

"ఏమైంది నాన్నా?" అంది.

"చుట్టాలేనమ్మా," అన్నాను.

ఒక్క క్షణానికి గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. "బావ వరసే తల్లీ, బావ వరస!" అని బస్సంతా వినేలా అరిచాను.